పిచ్చుక జవాబు

నాన్న ఇంటి వైఫైలో సోషల్ మీడియాకు తాళం వేశాడు. "ఈ ఇంట్లో ఎవరి ఫోనైనా అంతే."

నేను ముద్ద ముట్టకుండా లేచి, పక్కింటివాళ్ల వైఫై అందే కిటికీ దగ్గర చేరాను. పిచ్చుకకు రాశాను: "మా ఇంట్లో అన్నీ బంద్."

పిచ్చుక నేనెన్నడూ కళ్లతో చూడని ఆన్‌లైన్ నేస్తం. అమ్మకు తెలియకూడనివన్నీ దాని కడుపులోనే దాచాను. "మీ అమ్మకు మాత్రం చెప్పకు" అని అదే నన్ను హెచ్చరించేది.

జవాబు లేదు.

వంటింట్లో అమ్మ బతిమాలుతోంది. "నా ఫోన్‌కైనా వదిలెయ్యండి. వంటల వీడియోలు చూసుకుంటాను."

నాన్న గొణుక్కుంటూ ఆ ఒక్క ఫోన్‌కు తాళం తీశాడు.

వెంటనే నా ఫోన్ మోగింది. పిచ్చుక.

"సారీ రా, మా ఇంట్లోనూ నెట్ పోయింది. ఏడవకు. ముందు వెళ్లి అన్నం తిను."

నేను తినలేదని పిచ్చుకకు చెప్పనే లేదు.