తడిగుడ్డ

వెంకటరామారావు శాలువా విప్పి పట్టుకుంటే సమ్మయ్య రెండడుగులు వెనక్కి వేశాడు.

"నాకొద్దు సారూ," అన్నాడు.

మొహమాటమనుకుని గూడెం నవ్వింది. అతని వదిన ముత్తక్క ఊళ్ళో ఎవరినీ వెక్కిరించకుండా వదలని మనిషి. "పెండ్లినాడు గూడ గిట్లనే ఎనక్కి పోయిండు సారూ. పట్టుకొని కప్పుండ్రి," అంది. ఇరవై రెండు ఇళ్ళవాళ్ళూ మళ్ళీ నవ్వారు. శాలువా భుజాల మీద పడింది. దాని కింద సమ్మయ్యకు చెమటలు పోశాయి. తను చేసిన పని ఏమిటో అతనికి ఇందాక దీపిక మాటలు విన్నాకే తెలిసింది.

దీపిక కల్లూరు రైతుల పిల్ల. అడవుల మీద పెద్ద చదువు చదువుతోంది. కిందటి చలికాలంలో వచ్చి, గూడెం వెనక మద్దిచెట్టుకు అరచేతంత మిషన్ ఒకటి కట్టింది. రోజూ మధ్యాహ్నం అందులో కనబడే అంకెను నోటుబుక్కులో రాయమని సమ్మయ్యకు అప్పజెప్పింది. ఖరీదైన వస్తువు, ప్రాణంలా చూసుకోమంది. అంతకు మించి చెప్పలేదు. ఐదో తరగతి చదివినవాడికి అంతకు మించి ఎందుకనుకుంది. వానలు పడ్డాక వచ్చి మిషన్నూ పుస్తకాన్నీ తీసుకుపోయింది. ఇవాళ పట్నం నుంచి ఆఫీసరు వెంకటరామారావును వెంటబెట్టుకుని వచ్చింది.

ఇవాళ మాత్రం అన్నీ చెప్పింది. భూమికి ఉత్తరపు కొసన టండ్రా అనే చలినేల ఉందట. అక్కడ చెట్టు మొలవదట. వేల ఏళ్ళుగా రాయిలా గడ్డకట్టి ఉన్న నేల ఇప్పుడు మెత్తబడి, దాని మీద కట్టిన ఇళ్ళు కుంగుతున్నాయట. గడ్డి నేలలూ మన్నెం అడవులూ అన్నీ ఏటికేడు వేడెక్కుతున్నాయట.

"మీ అడవి ఒక్కటే చల్లగా ఉంది," అంది దీపిక. "మే నెలలో కూడా ముప్పై దాటలేదు. ఈ మిషన్ చెప్పేది అడవి వేడి. సమ్మయ్యగారు ఒక్కరోజూ తప్పకుండా రాశారు."

"మా మరిదిని ఆ మంచు దేశం పంపు బిడ్డా," అంది ముత్తక్క. "ఈయన పోతే వాళ్ళ ఇండ్లు గూడ నిలబడ్తయి."

అడవి వేడి. సమ్మయ్య ఇన్నాళ్ళూ అది మిషన్ వేడి అనుకున్నాడు. ఆశా వర్కర్ చంకలో పెట్టే పుల్లలో అంకె పెరిగితే జ్వరం. ఇదీ అంతే అనుకున్నాడు. హోళీనాడు అంకె ముప్పై తొమ్మిదికి ఎక్కింది. ముట్టుకుంటే చెయ్యి కాలింది. ఎవరో నమ్మి ఇచ్చిన వస్తువు తన చేతిలో పాడైపోతుందని భయపడి, విప్పి ఇంటికి తెచ్చాడు. నీళ్ళ కడవల మీద వేలాడదీసి, జ్వరం వచ్చిన పిల్లకు వేసినట్టు తడిగుడ్డ చుట్టాడు. మర్నాటికి ఇరవై తొమ్మిదికి దిగింది. సంతోషించాడు. వానలు పడేదాకా రోజుకు మూడుసార్లు గుడ్డ తడిపి, చల్లబడ్డాక మళ్ళీ చెట్టుకు కట్టేశాడు. రాసిన అంకెల్లో ఒక్కటీ అబద్ధం కాదు.

చెప్పేద్దామని నోరు తెరిచాడు. పూజారి బొజ్జయ్య లేచి, వేల్పు కొలువున్న అడవికి వేడి ఎట్లా తగులుతుందని అడుగుతున్నాడు. ఆడవాళ్ళు మద్దిచెట్టు వైపు తిరిగి దండం పెడుతున్నారు. తడిగుడ్డ సంగతి వింటే ముత్తక్క చచ్చేదాకా నవ్వుతుంది. సమ్మయ్య నోరు మూసుకున్నాడు.

వెంకటరామారావు కాగితం తీశాడు. ఇంత చల్లని చోటు మళ్ళీ దొరకదు కాబట్టి దీన్ని కాపాడాలని పైవాళ్ళు నిర్ణయించారట. పొయ్యిల పొగ, పశువులు, మనుషులు ఇక్కడ ఉండకూడదట. సారపాక రోడ్డు పక్కన కాలనీ కట్టిస్తారు. ఉగాది లోపు గూడెం ఖాళీ చెయ్యాలి.

మరి మా ఇప్పచెట్లు ఏం కావాలని బొజ్జయ్య అడిగాడు. చెట్లు ఇక్కడే ఉంటాయన్నాడు ఆఫీసరు. పొలాల గురించి అడిగితే కాగితం మడిచాడు.

సమ్మయ్య శాలువా తీసి కుర్చీ మీద పెట్టాడు.

"అడవి సల్లగ లేదు సారూ. మిషన్‌కు జరమొచ్చిందనుకున్న. ఇంటికి తెచ్చి కడవల మీద కట్టిన. తడిగుడ్డ సుట్టిన. గూడేన్ని లేపకుండ్రి."

ముత్తక్క అతని వైపు చూసింది. నవ్వలేదు.

"ఖాళీ చెయ్యమంటే ప్రతి ఊళ్ళోనూ ఎవడో ఒకడు కథ చెప్తాడు," అన్నాడు వెంకటరామారావు. "ఇందాక శాలువా కప్పినప్పుడు ఏమైంది నీ నోరు?"

"సిగ్గయింది సారూ."

"ఇప్పుడు పోయిందా సిగ్గు?"

సమ్మయ్య తల దించుకున్నాడు. "నన్ను నమ్మకుండ్రి. పుస్తకం సూడుండ్రి. హోళీనాటి అంకె పక్కన రాసిన. జరం ఎక్కువుంది, ఇంటికి తెచ్చి తడిగుడ్డ ఏసిన అని."

పుస్తకం దీపిక చేతిలోనే ఉంది. ఆమె దాన్ని గుండెకు అదుముకుని, పాల్వంచ చేరేసరికి ఆలస్యమవుతుంది, బయల్దేరదాం సార్ అంది. వెంకటరామారావు చెయ్యి చాచాడు. ఇవ్వక తప్పలేదు.

వారానికొక కాగితం. ఆఫీసరు ఒక్కొక్కటే తిప్పాడు. హోళీకి ముందు వారం ఉంది. తరువాతి వారం ఉంది.

మధ్య కాగితాన్ని ఎవరో కుట్టు దాకా బ్లేడుతో నున్నగా కోసేశారు.