రిపోర్టులో లేనిది

“మా అమ్మ ఒప్పుకోవడం లేదు హైమా. ఈ పెళ్ళి జరగదు.”

ఉపేంద్ర ఆ మాట అనేసి, చేతిలోని తెల్ల కవరును టీ గ్లాసు పక్కగా ఆమె వైపు జరిపాడు. శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్సు ఎదుట హోటల్లో కూర్చున్నారిద్దరూ. పెళ్ళికి ఇరవై రోజులే ఉంది. శుభలేఖలు సగం పంచేశారు కూడా.

“నా రిపోర్టు మీ అమ్మగారికి చూపించారా?” అంది హైమ.

“సూపించకుండా ఎలాగ? తల్లికి మతి బాగోదు, కూతురి జన్యువులోనూ అదే ఉన్నాది, రేపు పుట్టబోయే పిల్లల గతేటి అని అడుగుతున్నాది. నన్నేటి సెప్పమంటావు?”

హైమకు చెవులు వేడెక్కిపోయాయి. ఆ కవరు ఆమె తన చేత్తో ఇచ్చిందే. తల్లి కన్యాకుమారికి స్కిజోఫ్రీనియా. విశాఖలో ఆ జబ్బు మీద పరిశోధన చేస్తున్న డాక్టర్లు తల్లీకూతుళ్ళిద్దరి రక్తమూ తీసుకుని జన్యు పరీక్ష చేశారు. దాచిపెట్టి పెళ్ళాడటం ఇష్టం లేక, తాంబూలాలు పుచ్చుకోకముందే కళింగపట్నం తీరంలో దాన్ని ఉపేంద్ర చేతిలో పెట్టింది. అతను నిలబడే చదివాడు. “ఇంత నిజాయితీగా సెప్పే పిల్ల నాకింకెక్కడ దొరుకుతాది?” అన్నాడు. ఆ ఒక్క మాటకి ఆమె అతన్ని పూర్తిగా నమ్మేసింది.

“అందులో నాకు జబ్బుందని ఎక్కడా లేదండీ,” అంది. “మెదడులో డోపమైన్ అని ఒక రసాయనం ఉంటుంది. పనయ్యాక దాన్ని తీసేసే ఎంజైము ఒకటుంటుంది. కొందరిలో అది నెమ్మదిగా పని చేస్తుంది, కొందరిలో వేగంగా. నాది వేగం రకం. నాలాంటివాళ్ళు లక్షల మంది ఉన్నారు. మహా అయితే జ్ఞాపకంలోనో ఆలోచనలోనో ఆవగింజంత తేడా. ఆ ఒక్కదాని వల్ల మతి చెడిపోదని విశాఖ డాక్టరుగారు మీ ఎదుటే చెప్పారు కదా!”

“నాకు తెలుసు. అమ్మకి తెలీదు.”

“అయితే నేనొచ్చి చెప్తాను. రోజూ పిల్లలకి పాఠం చెప్పేదాన్నే కదా.”

“వద్దు!” పక్క బల్ల వాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా అరిచాడు ఉపేంద్ర. వెంటనే గొంతు తగ్గించాడు. “నువ్వు రావొద్దు. పిచ్చిదాని కూతురు నా గడప తొక్కకూడదని ఒట్టేసుకుని కూర్చున్నాది. నన్ను మర్చిపో హైమా.”

అతను ఎక్కిన విజయనగరం బస్సు మలుపు తిరిగిపోయాక కూడా ఆమె అక్కడే కూర్చుండిపోయింది.

మర్నాడు కాలేజీకి సెలవు పెట్టి, చీపురుపల్లి మీదుగా ఉపేంద్ర వాళ్ళ ఊరు గరివిడి వెళ్ళే బస్సెక్కింది. నమ్మి ఇచ్చిన కాగితాన్నే తన మెడకి ఉరి చేశాడని ఉపేంద్ర మీద కోపం. అంతకు పదింతలు అతని తల్లి గున్నమ్మ మీద. అమ్మతో పట్టుమని పది మాటలైనా మాట్లాడని మనిషి, అమ్మను పిచ్చిదంటుందా? పెళ్ళి జరిగినా జరగకపోయినా సరే, ఆ మాట వెనక్కి తీసుకోమని మొహం మీదే అడగాలి. దారి పొడుగునా అదే అనుకుంది.

తలుపు తీసింది గున్నమ్మే. ఉపేంద్ర డ్యూటీకి వెళ్ళాడు. హైమను చూడగానే ఆవిడ మొహం పాలిపోయింది. గడప దగ్గరే ఆగిన హైమను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, మంచం మీది దుప్పటి సర్దింది.

“కూసో తల్లీ.”

“కూర్చోడానికి రాలేదత్తయ్యా.” హైమ కవరు తీసి ఆవిడ ముందు పెట్టింది. “ఇది చూసి మా అమ్మను పిచ్చిదన్నారంట. ఇందులో ఏముందో మీకు అర్థమయ్యేలా చెప్పి పోదామని వచ్చాను.”

గున్నమ్మ కవరు వైపు చూసింది. హైమ వైపు చూసింది.

“ఏటిది?”

“నా రక్తం రిపోర్టు. మీ అబ్బాయి మీకు చూపించింది.”

“నాకే కాయితమూ సూపించనేదమ్మా. మీ యమ్మకేటైనాది?”

హైమ కవరును తిరిగి చేతిలోకి తీసుకుంది.

“మీ యమ్మని నేనెందుకంటాను తల్లీ? నేనూ ఓ బిడ్డకి తల్లినే కదా. ఈ సంబంధం వద్దన్నది నువ్వే కదా?”

“నేనా?”

“మావోడు సెప్పినాడు. మూడు దినాలై అన్నం కూడా సరిగ్గా తినడం నేదు ఆడు.”

“నేనెందుకు వద్దంటానత్తయ్యా?”

గున్నమ్మ కళ్ళు నిండిపోయాయి. గూట్లోంచి మాత్రల అట్టలు తెచ్చి హైమ చేతిలో పెట్టి, రెండు చేతులూ జోడించింది.

“నా మతి బాగోదని తెలిసి, ఇలాటి అత్తున్న ఇంటికి రానన్నావంట కదమ్మా... సూడు, పదిహేనేళ్ళ నుంచి ఒక్క పూట మానకుండా ఏసుకుంటన్నాను. కాదంటే మా అక్క కాడికెల్లిపోతాను, మీ ఇద్దరి మధ్యన ఉండను. నా కొడుకుని మాత్రం కాదనకు తల్లీ!”