వంటిల్లున్న గది

"మాంసం ఎక్కడ కొంటారండీ?" ఫోన్లో అడిగాడు లిఫ్టు మెకానిక్.

"కొట్లో," అంది అవతల హోటలు మేనేజరు గొంతు.

"అది కాదండీ. హలాలేనా అని."

"చేపలు తినండి సార్. చేపతో ఏ పేచీ లేదు. సముద్రం ఎదురుగానే ఉందాయె!"

"మరి మందు గట్రా..."

"మీకెందుకు సార్ దిగులు? ఎంత కావాలంటే అంత!"

ఫోన్ పెట్టేశాడు. పొద్దున్నించి ఇదే వరస. ఒకచోట వంట బాగుంటే కిందే బారు. ఇంకోచోట బారు లేకపోతే వంటే లేదు.

భోజనాల బల్ల దగ్గర అతని భార్య పరీక్ష పేపర్లు దిద్దుతోంది. తల ఎత్తలేదు.

ఈ శనివారం వెళ్దామనుకుంటున్న ఆ అఖాతం ఫొటో ఫ్రిజ్ తలుపు మీద పెళ్లైన కొత్తలో ఆమె అంటించిందే. రెండు కొండలు చేతులు చాచి సముద్రాన్ని ఒళ్లోకి తీసుకున్నట్టుంటుంది. అక్కడికి తీసుకెళ్లమని అడిగినప్పుడల్లా అతను "వచ్చే నెల" అన్నాడు. ఏ వారాంతం చూసినా ఎవరో ఒకరు ఏదో ఒక లిఫ్టులో ఇరుక్కునేవారు.

మొన్న చలికాలంలో ఆమెకు కడుపు పోయిన రోజు కూడా అంతే. అతను ముక్కూ మొహం తెలియని వాళ్లను బయటికి లాగుతున్నాడు. ఆసుపత్రి నుంచి ఆమె ఒక్కతే ఇంటికొచ్చింది.

"లిఫ్టులో ఇరుక్కుని ఉంటే మీరు వచ్చేవారేమో," అంది ఆ రాత్రి. అంతే. మళ్లీ పోట్లాడలేదు. అరిచే పెళ్లాంతో ఎలాగోలా వేగవచ్చు. అరవడం మానేసిన పెళ్లాన్ని చూస్తేనే అతని గుండె జారిపోతోంది. ఇల్లంతా కరెంటు పోయిన లిఫ్టులా ఉంది. ఈ ప్రయాణంతోనైనా ఆమె మనసు వెనక్కి రాకపోతే, మనిషే దక్కదని అతని భయం.

"హోటళ్లు వద్దు," ఉన్నట్టుండి అందామె. "మా స్కూల్లో ఒక టీచర్ చెప్పింది. అక్కడ ఒక పెద్దావిడ ఇంట్లో పై వాటా ఉందట. వంటిల్లుంది. ఏ అనుమానమూ ఉండదు."

అతనికి ప్రాణం లేచొచ్చింది. "ముందే చెప్పొచ్చుగా! అయితే శనివారం మధ్యాహ్నం జుహర్ నమాజు మనం సముద్రాన్ని చూస్తూ చదువుకోవచ్చు."

"ప్రయాణంలో నాలుగు రకాతుల నమాజుకు రెండే చదివితే చాలు. అల్లా కూడా వెసులుబాటు ఇచ్చాడు. మీ సూపర్‌వైజరే ఇవ్వడు."

చాన్నాళ్లకు ఆమె నోట హాస్యం! అతనూ అందుకున్నాడు. "పదిహేను రోజులు మకాం వేస్తే మాత్రం ఆ వెసులుబాటు లేదు. నాలుగూ చదవాల్సిందే. చూసుకో మరి!"

"నాకు చెప్పకండి ఆ లెక్కలు. ఇన్నేళ్లలో ఎప్పుడైనా తప్పానా?"

శనివారం పొద్దున వ్యాను వెనక తలుపు తీసి అతను నోరెళ్లబెట్టాడు.

"రెండు రోజులకు కుక్కరెందుకు?"

"ఎవరి గిన్నెలో ఏం ఉడికిందో ఎవరికి తెలుసు?"

"పెనం? పోపులడబ్బా?"

"హలాల్ హలాల్ అని ఊరంతా ఫోన్లు చేసింది మీరే."

"ఈ స్వెట్టర్లు?"

"సముద్రపు గాలి."

"ఇంకా నయం, ఫ్రిజ్ వదిలేశావు!"

"అక్కడుందట," అంది ఆమె, ముందు సీట్లో కూర్చుంటూ.

ఇంటావిడ గుమ్మంలోనే ఎదురొచ్చింది. తాళంచెవులు రెండూ తెచ్చి అతని భార్య చేతిలో పెట్టింది. మెకానిక్‌ని ఎగాదిగా చూసింది.

"ఈయనేనా?"

"ఈయనే."

పై వాటా కిటికీ తెరిస్తే ఫొటోలోని అఖాతమే. ఆమె చాలాసేపు కిటికీ దగ్గరే నిలబడింది. తర్వాత వంటింట్లోకి వెళ్లి డబ్బాలు సర్దుకుంది. ఏదో కూనిరాగం తీస్తోంది. అది విని అతను కళ్లు తుడుచుకున్నాడు.

అప్పుడే జేబులో ఫోన్ మోగింది. ఆపేస్తానని మాటిచ్చి మరిచిపోయాడు. కూనిరాగం ఆగింది.

"ఎక్కడ చచ్చావయ్యా!" సూపర్‌వైజర్. "పై అంతస్తులో జనం ఇరుక్కున్నారు. వెంటనే బయల్దేరు."

అతను భార్య వైపు చూశాడు. ఆమె గుమ్మంలో పోపులడబ్బాతో నిలబడి ఉంది.

"ఇంకొకర్ని పంపండి సార్. నేను నా భార్యతో ఉన్నాను. ఇక మీదట సెలవు రోజుల్లో నాకు ఫోన్ చేయకండి. ఉద్యోగం పీకేసినా సరే."

ఫోన్ ఆపేసి డ్రాయరులో పడేశాడు. ఆమె కళ్ల నిండా నీళ్లు.

"ఈ మాట..." అని ఆగిపోయింది.

"ఏంటి? చెప్పు."

"ఏం లేదు. జుహర్ వేళైంది. వుజూ చేసుకుని రండి."

గెలిచాననుకున్నాడు. చేతులూ కాళ్లూ కడుక్కుని వస్తుంటే మనసు దూదిపింజలా ఉంది. ముందు అతని జానమాజ్ చాప, వెనక ఆమెది. అతను చదివిస్తుంటే ఆమె వెంట వంగింది, నుదురు నేలకానించి సజ్దా చేసింది, లేచింది. అలల చప్పుడు తప్ప ఇంకేం లేదు. రేపు సాయంత్రం తిరుగు ప్రయాణంలో ఆమెకేం చెప్పాలో కూడా అతను ఆలోచించి పెట్టుకున్నాడు.

రెండో రకాతు ముగించి, కుడికీ ఎడమకూ తల తిప్పి అతను సలాం చెప్పాడు. వెనక ఆమె సలాం చెప్పలేదు, నాలుగూ చదివేందుకు మూడో రకాతుకు లేచి నిలబడింది.