‘సహృదయుడు’ మెచ్చిన పాట

రంగూన్‌లో, మనవాళ్ళ నోట ‘రంగం’లో, తెలుగు వారపత్రికకు వార్తలు రాసే కన్నారావు, తన పాటల పుస్తకం మీద వచ్చిన సమీక్ష పట్టుకుని గాలిలో తేలుతూ ఇల్లు చేరాడు. బియ్యం చెరుగుతున్న భార్య తాయారుకు గొంతెత్తి చదివి వినిపించాడు.

“‘రంగం వానా, రంగం వానా, మా రాజు తలకి గొడుగవ్వమ్మా’ అన్న ఒక్క పాట చాలు, ఈయన మహాకవి అనడానికి. విన్నావా?”

“ఎవులు రాసినారు?”

“పేరు లేదు. ‘సహృదయుడు’ అని ఉంది.”

తాయారు చేట పక్కన పెట్టింది. “ఆ పాట నీ పుస్తకంలో నేదు. బియ్యం సెరుగుతా నాను కట్టుకున్నది. ఈ గుమ్మం దాటి పోనేదు. ఆ సహృదయుడికి ఎలాగ తెలిసిందయ్యా?”

కన్నారావు గొంతు తగ్గింది. “సమీక్ష రాసే ఊపులో నోట మెదిలింది పెట్టేశాను. పోయిన శతాబ్దంలో అమెరికా కవి ఒకాయన కూడా అంతేనట. పత్రికల్లో పనిచేస్తూ, పేరు పెట్టకుండా తన పుస్తకాన్ని తనే పొగుడుకున్నాడు.”

“ఆయన తన్ను పొగుడుకున్నాడు. నువ్వు నన్ను పొగిడినావు,” అంది తాయారు, నవ్వాపుకోలేక. “ఏదీ, ఆ మహాకవి అన్నకాడ మళ్ళీ సదువు.”