కొనే ముందు ఒక ఆట

అనంతపురం షాపులో కొత్త వీడియోగేమ్ ముందు కూర్చున్నాడు ఓబులేసు. అతను స్కూలు బస్సు డ్రైవరు. కొడుక్కి కొనే ముందు తానొకసారి ఆడి చూస్తానని భార్య వనజాక్షిని వెంటబెట్టుకొచ్చాడు.

కార్ల పందెం మొదలైంది. కాసేపటికే అతని కారు ఎడమ పక్క లారీని గుద్దింది. మళ్లీ ఆడాడు. మళ్లీ ఎడమవైపే గుద్దింది.

వనజాక్షి నవ్వింది. "దండగ మామా, ఇది మనకొద్దులే. అదిగో, మళ్లా లారీ!"

"యాడ?"

ఓబులేసు ముఖమంతా ఎడమకు తిప్పాడు. అప్పుడు గానీ అతనికి లారీ కనపడలేదు.

వనజాక్షి నవ్వు ఆగిపోయింది.

"ఎప్పట్నుంచి మామా?"

ఓబులేసు ఆట ఆపేశాడు. "నేను కొనేదానికి రాలేదు వనజా. మొన్న బస్సు తిప్పుతాంటే ఎడమ పక్క సైకిలు మీద పాప కనపడల్యా. వెంట్రుకవాసిలో ప్రమాదం తప్పింది. డాక్టరు దగ్గరికి పోవాలంటే భయమైంది. ఈడైతే గుద్దినా ఎవరూ సావరని వచ్చినా."

వనజాక్షి గోడ గడియారం వైపు చూసింది. ఫోను తీసి అతని చేతిలో పెట్టింది.

"బడి వదిలే టైమయితాంది. చెప్పు."

ఓబులేసు స్కూలు నంబరు నొక్కాడు.

"సార్, ఓబులేసును. సాయంత్రానికి వేరే డ్రైవరును చూసుకోండి. నేనొచ్చి బతిమాలినా సరే, పిల్లోల్లను నా బండి ఎక్కనీయొద్దండి."