వంతెనైన చీమలు

చీమకి చీమ ఎదురైతే ఆగి, మీసానికి మీసం ఆనించి కబురు చెప్పుకోవాల్సిందే. అది పుట్ట పుట్టినప్పటి మర్యాద. అడవిలోని పుట్టలన్నీ రెండు జట్లుగా చీలి కొట్టుకున్నప్పుడు, కబుర్లు శత్రువుకి చేరతాయని రాణిచీమ దాన్ని మాన్పించింది. గెలిచాక కూడా మళ్లీ మొదలుపెట్టనివ్వలేదు.

ఆ యుద్ధంలోనే, వాగు దాటడానికి వెయ్యి చీమలు కాలికి కాలు మెలేసుకుని వంతెనైపోయాయి. అంతకుముందు చీమలకి వాగంటే లోకం చివర.

యుద్ధం ముగిశాక ఒక ముసలి చీమ మొదటిసారి ఆ వంతెన చూసి నోరు తెరిచింది. దాని మీద గింజలు పోతున్నాయి, గుడ్లు పోతున్నాయి. అవతలి ఒడ్డున కొత్త పుట్టలు లేస్తున్నాయి.

"ఔరా! ఇది మన జాతే చేసిందా!" అనుకుంటూ వంతెన ఎక్కింది.

నడివాగులో, పాత అలవాటు కొద్దీ వంగి, కాళ్ల కింది చీమకి మీసం ఆనించింది.

ఆ చీమ ఉలిక్కిపడింది. ఎన్నాళ్లకో తగిలిన మీసం! "అవ్వా, యుద్ధం ఎందాకా వచ్చింది?" అని ఆత్రంగా అడిగింది.

ఈ వెయ్యిమందికీ ఎవరూ కబురే చెప్పలేదు! నిజం చెప్పేద్దామని ముసలి చీమ మళ్లీ వంగింది.

"నడవవే ముసల్దానా!" అని వెనక నుంచి కేకేశాయి, గుడ్లు మోసుకొస్తున్న చీమలు. కింద వాగు సుళ్లు తిరుగుతోంది.

"ఇంకా సాగుతోందమ్మా," అంది ముసలి చీమ. "గట్టిగా పట్టుకో."