దారిలో నీళ్ల కుండ

చక్రాల కుర్చీ తగిలి నీళ్ల కుండ దొర్లిపోయింది.

మల్లెపూలు వేసిన నీళ్లు సందంతా పారాయి. కుర్చీలో ఉన్న తల్లి కాళ్లు, వెనక నుంచి తోస్తున్న కొడుకు థవత్ బూట్లు తడిశాయి.

"అయ్యో, రండి రండి! దెబ్బ తగల్లేదు కదా?" అంటూ ప్రనోమ్ మామ్మ మెట్లు దిగి వచ్చింది.

ఆవిడ వరసే అంత. ఆ సందులో అడుగుపెట్టిన ప్రతివాళ్లనీ 'రండి, రండి' అంటుంది. దాటి వెళ్తుంటే 'మళ్లీ రండి' అంటుంది. ముసలావిడకి బుర్ర కాస్త అటూ ఇటూ అయిందని ఆ పేటలో అందరూ నవ్వుకునేవారు.

"దెబ్బ సంగతి తర్వాత. దారికడ్డంగా ఈ కుండేంటి మామ్మా? ఆ మెట్లేంటి? ఈ సందేమన్నా మీ తాతదా?" అని ఎగిరాడు థవత్.

మామ్మ నవ్వింది. "ఎండన పడి వచ్చినవాళ్లు ఓ గుక్క తాగుతారని నాయనా."

"ఏం, కొట్లో సీసాల నీళ్లు దొరకట్లేదా?"

మామ్మ కుండ అడుగున మిగిలిన నీళ్లు గిన్నెలో పోసి తల్లికి అందించింది. ఆవిడ బాగున్న ఒక్క చేత్తో పట్టుకుని గటగటా తాగేసింది.

"ఎంత కమ్మగా ఉన్నాయిరా! నువ్వూ పుచ్చుకో."

"నాకొద్దు."

థవత్‌కి బాంకాక్ నగరం మీద ఉన్నంత కోపం ఇంకెవరి మీదా లేదు. టీ తాగినా అదే గొడవ, అన్నం తిన్నా అదే గొడవ. "రైళ్లు ఆకాశంలో పోతాయి. కార్లు వంతెనెక్కి పోతాయి. మరి కాళ్లున్నవాడు ఎక్కడ పోవాలయ్యా?" అనేవాడు.

ఆ మాట మాత్రం నిజం. పక్షవాతం వచ్చిన తల్లిని ఆస్పత్రికి తీసుకెళ్లాలంటే అతనికి ఈ సందు ఒక్కటే దిక్కు. చుట్టూ తిరిగి పెద్ద రోడ్డున పోదామంటే, అక్కడి కాలిబాట మీద కరెంటు స్తంభాలుంటాయి, నూడుల్స్ బళ్లుంటాయి, మోటారు సైకిళ్లుంటాయి. కుర్చీకి చోటుండదు.

అందుకే ఆ రోజే పేట ఆఫీసుకు వెళ్లాడు.

"ముసలావిడ దారి ఆక్రమించింది. మెట్లు తీయించండి."

"చూస్తాం" అన్నారు వాళ్లు.

వారం తిరక్కుండా తాపీమేస్త్రి వచ్చి మెట్లు పగలగొట్టాడు. నీళ్ల కుండ కిటికీ గట్టు మీదికి ఎక్కింది. మామ్మ మాత్రం గుమ్మం ముందు చిన్న పీట వేసుకుని, తలుపు పట్టుకుని, ఆపసోపాలు పడుతూ ఇంట్లోకి ఎక్కుతోంది.

"చూశావా అమ్మా? గట్టిగా అడిగితేగానీ ఈ ఊళ్లో పని జరగదు" అన్నాడు థవత్.

"కుర్చీ బాగా పోతోందా నాయనా?" అని పలకరించింది మామ్మ.

"ఆఁ, పోతోంది."

"సంతోషం. మళ్లీ రండి."

సందు దాటాక తల్లి కసిరింది. "ఆవిడకో దండం పెడితే అరిగిపోతావురా?"

"మన దారి మనకొచ్చింది. దండం దేనికి?"

వానలు వెనకబట్టే రోజుల్లో ప్రనోమ్ మామ్మ పోయింది. నిద్రలోనే పోయిందట. ఆ తర్వాత సందులో నడుస్తుంటే 'రండి' అనేవాళ్లు లేక అందరికీ ఏదో వెలితిగా తోచింది. థవత్‌కి కూడా.

కర్మకాండ అయ్యాక మామ్మ చెల్లెలి కూతురు సిరిన్ ఒక సర్వేయరును వెంటబెట్టుకుని వచ్చింది. థవత్ తల్లిని తీసుకొచ్చేసరికి అతను తాడు పట్టుకుని కొలుస్తున్నాడు. తాడు సందు దాటి ఎదుటి గోడ దాకా పోయింది.

"ఏమండోయ్, ఇల్లు అటుంటే తాడు ఇటు లాగుతారేంటి? ఇది దారి!"

సర్వేయరు ఎదుటి గోడ మొదట్లో మట్టి గీకాడు. సిమెంటు హద్దురాయి బయటపడింది.

"ఆవిడ స్థలం ఇక్కడి దాకా ఉందండీ. పటంలో ఇక్కడ దారంటూ ఏమీ లేదు."

"లేకపోవడమేంటి? నా పెళ్లికి ముందు నుంచీ నడుస్తున్నాం!"

"నడిచారు. ఆవిడ నడవనిచ్చింది."

థవత్ సందు పొడవునా చూశాడు. రేపు ఎవరో కొంటారు. గోడ లేస్తుంది. అమ్మని ఆస్పత్రికి ఎలా తీసుకెళ్లడం?

"అమ్మేస్తున్నావా అమ్మా?" అని సిరిన్‌ని భయంగా అడిగాడు.

"ఇల్లు అమ్ముతున్నా అన్నయ్యా. నడిచే చోటు అమ్మను. దాన్ని దారిగానే పేటకి రాసిచ్చెయ్యమంది పెద్దమ్మ. మేడలు కట్టేవాళ్లు ఎంతగా చుట్టూ తిరిగినా ఆవిడ ఇవ్వలేదు."

"మరి... ఆఫీసువాళ్లు మెట్లు కొట్టించారుగా?"

"వాళ్లెందుకు కొట్టిస్తారు? వచ్చి చూసి, 'మీ స్థలంలో మీ మెట్లు, తియ్యక్కర్లేదు' అన్నారట. పెద్దమ్మే వినలేదు. కుర్చీలో వచ్చే ఆవిడకి అడ్డంగా ఉన్నాయని తనే మేస్త్రిని పిలిపించింది."

థవత్ తల దించుకున్నాడు. తల్లి బాగున్న ఒక్క చేతినీ నుదుటిదాకా ఎత్తి ఆ ఇంటికి దండం పెట్టింది.

మర్నాడు పొద్దున థవత్ సందు మొదట్లోనే కుర్చీ ఆపాడు.

"ఆగావేంరా?" అంది తల్లి.

అతను చేతులు జోడించి తల వంచి, "వస్తున్నాం మామ్మా" అన్నాడు.

సిరిన్ నింపి ఉంచిన కుండలోంచి నీళ్లు ముంచి తల్లికిచ్చి, తనూ తాగాడు. నిజంగానే కమ్మగా ఉన్నాయి.

ఇన్నేళ్లూ ఆవిడ 'రండి, రండి' అన్నది దారిన పోయేవాళ్లని కాదు, తన వాకిట్లోకి వచ్చిన చుట్టాలని.